లండన్ వీధులలో కాలినడకన: మన చరిత్ర జాడలు

లండన్ నగరం చూచి వచ్చినవారిని ఏమేమి చూచారని అడిగితే సాధారణంగా అయిదారు పేర్లు చెబుతారు: టవర్ కోట, సెయింట్ పాల్ దేవాలయం, బ్రిటిష్ మ్యూజియం, పార్లమెంటు భవనం, దాని ప్రక్కనున్న పెద్ద గడియారం. ఇవన్నీ తప్పక చూడదగినవే. అయితే చెరకు తోటలలో పనికి ఓడలెక్కి వచ్చిన తెలుగువారి సంతతికి ఈ కట్టడాలు వట్టి వింతలు కావు. మన పూర్వీకులు కోరంగి రేవులోనో, విశాఖపట్నంలోనో, మద్రాసులోనో ఓడ ఎక్కడానికి ముందు, వారి ప్రయాణాన్ని నిర్ణయించిన కాగితాలు ఈ వీధులలోనే తయారయ్యాయి. చక్కెర ధర ఇక్కడ పలికింది. చట్టం ఇక్కడ పుట్టింది. ఉత్తరువు ఇక్కడ నుండి వెళ్లింది.

మన మారిషస్ ద్వీపంలో తెలుగువారిని చాలాకాలం కోరంగివారనే పిలిచారు. గోదావరి ముఖద్వారం దగ్గరి ఆ రేవు పేరు మనకు జాతి పేరయింది. ఆ కథకు ఒక కొస కోరంగిలో ఉంటే, రెండవ కొస లండన్‌లో ఉన్నది. ఇప్పుడు మన పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు లండన్ వెళుతున్నారు. వారికి ఉపయోగపడుతుందని, ఒక్క పగటిలో నడిచి చూడగలిగిన దారిని ఇక్కడ వివరిస్తున్నాను. తూర్పున టవర్ కోట దగ్గర బయలుదేరి, పడమట పార్లమెంటు దాకా, మధ్యలో మ్యూజియం మీదుగా, ఇది సుమారు నాలుగు మైళ్ల నడక.

టవర్ కోట – కృష్ణా తీరపు రాయి

టవర్ హిల్ దగ్గర రోమనులు కట్టిన ప్రాకారం ముక్క ఒకటి నేటికీ నిలిచి ఉన్నది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమనులు ఈ చోట లొండీనియమ్ అనే పట్టణం కట్టారు. నేటి లండన్‌కు అదే పునాది. దాని ప్రక్కనే టవర్ కోట. 1066లో ఇంగ్లండును జయించిన విలియం రాజు, తాను గెలిచిన ప్రజలను అదుపులో ఉంచడానికి 1070 దశకంలో ఇక్కడ తెల్ల బురుజును మొదలుపెట్టించాడు. తరువాతి రాజులు చుట్టూ గోడలు పెంచారు. ఇది కోటగాను, చెరసాలగాను, ఖజానాగాను ఉపయోగపడింది.

ఆ ఖజానాలోనే కోహినూరు వజ్రం ఉన్నది. గోల్కొండ గనులలో, బహుశః కృష్ణా తీరాన కొల్లూరు ప్రాంతంలో అది దొరికి ఉంటుందని చాలామంది అభిప్రాయం. చేతులు మారి మారి పంజాబు చేరిన ఆ వజ్రాన్ని 1849లో లాహోరు ఒప్పందం ప్రకారం బాలుడైన దులీప్ సింగ్ మహారాజు నుండి ఇంగ్లీషువారు తీసుకొన్నారు. 1852లో తిరిగి సానబట్టగా 186 క్యారెట్ల రాయి 105 క్యారెట్ల పైచిలుకుకు తగ్గింది. 1937లో ఎలిజబెత్ రాణి కొరకు చేసిన కిరీటంలో పొదిగారు. చూచేవారంతా వరుసలో నిలబడి ముందుకు సాగుతూ పోవాలి. ఆ కొద్ది క్షణాలలోనే మన పిల్లలకు కొల్లూరు పేరు చెప్పడం మరువరాదు.

అగ్నిస్తంభం నుండి చెరకు గడల దాకా

కోట నుండి పడమరకు కొద్దిదూరం నడిస్తే మాన్యుమెంట్ అనే స్తంభం కనబడుతుంది. 1666 సెప్టెంబరు 2వ తేదీన పుడ్డింగ్ లేన్ అనే సందులో ఒక రొట్టెల దుకాణంలో నిప్పు అంటుకొని, నాలుగు రోజులు నగరాన్ని దహించింది. 13,200 ఇండ్లు, 87 చర్చీలు కాలిపోయాయి. దానికి గుర్తుగా 1677లో ముగిసిన ఈ స్తంభం ఎత్తు 202 అడుగులు. నిప్పు పుట్టిన దుకాణం కూడా స్తంభానికి సరిగ్గా అంతే దూరంలో ఉండేది. లోపల 311 మెట్లు. మోకాళ్లు గట్టిగా ఉన్నవారు ఎక్కి చూడవచ్చును.

అక్కడికి ఉత్తరంగా మిన్సింగ్ లేన్ అనే ఇరుకు వీధి ఉన్నది. తేయాకు, సుగంధ ద్రవ్యాలు, చక్కెర మొదలైన సరుకులకు ఒకప్పుడు ఇది పెద్ద బేరసారాల స్థలం. 1825లో మారిషస్ చక్కెర పైన సుంకాన్ని వెస్టిండీస్ చక్కెర పైన ఉన్న సుంకంతో సమానం చేశారు. ఆ ఒక్క మార్పుతో మన ద్వీపంలో అడవి కొట్టి చెరకు నాటడం జోరందుకొన్నది. చెరకు పెరిగేకొద్దీ పనివారు కావలసి వచ్చారు. పది సంవత్సరాలు గడవక ముందే ఆ పనివారి కొరకు తోటల యజమానులు భారతదేశం వైపు చూచారు. కాబట్టి మన వలస కథ నౌకలతో మొదలు కాలేదు, సుంకాల పట్టికతో మొదలయింది.

మిన్సింగ్ లేన్ దగ్గరలోనే ఫెన్ కోర్ట్ అనే చిన్న ఆవరణ ఉన్నది. బానిస వ్యాపార నిర్మూలనకు స్మారకంగా 2008లో అక్కడ రాతి శిల్పాలు నిలిపారు. వాటిని దక్షిణాఫ్రికా మతాచార్యుడు డెస్మండ్ టూటూ ఆవిష్కరించారు. ఆ రాతి స్తంభాలు చెరకు గడలవలె మలచబడ్డాయి. చుట్టూ బ్యాంకులు, బీమా కంపెనీల ఎత్తైన మేడలు, మధ్యలో రాతి చెరకు గడలు. బానిసల తరువాత అదే చెరకును నరికినవారి పేరు అక్కడ లేదు. అయినా చెరకు తోటల బిడ్డలకు ఆ గడలు పరాయివిగా తోచవు.

లెడెన్‌హాల్ వీధి – కంపెనీ ఇల్లు

ఫెన్ కోర్ట్ నుండి నాలుగు అడుగులు వేస్తే లెడెన్‌హాల్ వీధి. ఉక్కు గొట్టాలు, లిఫ్టులు అన్నీ బయటకే కనిపించే విచిత్రమైన లాయిడ్స్ బీమా భవనం 1986 నుండి ఇక్కడ ఉన్నది. ఆ స్థలంలోనే ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీవారి ప్రధాన కార్యాలయం ఉండేది. 1600 డిసెంబరు 31న మొదటి ఎలిజబెత్ రాణి ఇచ్చిన పట్టాతో కంపెనీ పుట్టింది. 1611లోనే వారి ఓడ తెలుగు తీరానికి వచ్చి మచిలీపట్నంలో వర్తక స్థానం పెట్టింది. 1639లో మద్రాసు స్థలం దొరికింది. 1765లో మొగలు ఫర్మానాతో, మరుసటి సంవత్సరం నైజాముతో ఒప్పందంతో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. గంజాం నుండి గుంటూరు దాకా రైతు కట్టే శిస్తుకు ఈ వీధిలోని గుమాస్తాలు లెక్క చూచారు. ప్రసిద్ధ రచయిత చార్లెస్ లాంబ్ 1792 నుండి 1825 వరకు ఇక్కడ గుమాస్తా. స్వేచ్ఛను గురించి గ్రంథం వ్రాసిన జాన్ స్టూవర్ట్ మిల్ 1823 నుండి 1858 వరకు ఇక్కడ ఉద్యోగి.

తెలుగువారికి ఈ స్థలంతో మరొక సంబంధం ఉన్నది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర 1835 నుండి 1838 వరకు ఇంగ్లండులో ఉన్నప్పుడు, కంపెనీవారి గ్రంథాలయంలో మూలపడి ఉన్న దక్షిణాది భాషల వ్రాతప్రతులను పరిశీలించి పట్టికలు వేశాడు. ఆయన పట్టుదల వల్ల 2,000కు పైగా గ్రంథాలు తిరిగి మద్రాసు చేరాయి. ఆ మూడు నాలుగు సంవత్సరాలలోనే కోరంగి నుండి మన మనుషులు ఓడలెక్కి మారిషస్ వస్తున్నారు. ఒకే కంపెనీ ఏలుబడిలో తాటాకులు ఇంటికి మరలాయి, మనుషులు ఇల్లు విడిచారు. తాటాకులను లెక్కపెట్టి కాపాడడానికి ఒక బ్రౌన్ ఉన్నాడు. మనుషుల మాటలను, పాటలను, ఊళ్ల పేర్లను అలా వ్రాసిపెట్టిన వారు లేకపోయారు. ఆ పని మన మీదనే పడింది.

1858లో పరిపాలన రాణి ప్రభుత్వం చేతికి మారింది. 1861లో ఈ భవనాన్ని పడగొట్టారు. ఇప్పుడు ఆ ఇంటి రాయి ఒక్కటి కూడా ఇక్కడ కనబడదు.

సెయింట్ పాల్, ఫ్లీట్ వీధి, టెంపుల్

పడమరగా అర గంట లోపే సెయింట్ పాల్ దేవాలయం చేరుతాము. అగ్నిప్రమాదంలో పాత గుడి కాలిపోగా క్రిస్టఫర్ రెన్ అనే శిల్పి 1675లో కొత్తది మొదలుపెట్టి, తన కళ్లారా పూర్తయ్యేవరకు జీవించాడు. ఎత్తు 365 అడుగులు. లోపల సర్ విలియం జోన్స్ విగ్రహం ఉన్నది. సంస్కృతానికి, గ్రీకు లాటిను భాషలకు మూలం ఒక్కటే అయి ఉండాలని 1786లో కలకత్తాలో చెప్పినవాడు ఆయనే. మన తెలుగు, తమిళ, కన్నడాలు ఆ కుటుంబానికి చెందవని, వేరే కుటుంబమని 1816లో మద్రాసులో నిరూపించినవాడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. ఆయన ఆ మాట చెప్పినది కాంబెల్ దొర తెలుగు వ్యాకరణానికి వ్రాసిన పీఠికలో. జోన్స్ విగ్రహం దగ్గర ఎల్లిస్ పేరు కూడా తలచుకోవడం తెలుగువారి విధి.

దేవాలయం మెట్లు దిగి నేరుగా పోతే ఫ్లీట్ వీధి. ఒకప్పుడు ఇంగ్లండు దినపత్రికలన్నీ ఇక్కడే అచ్చయ్యేవి. 1980 దశకం నుండి అవి ఒక్కొక్కటిగా తరలిపోయాయి. ఎడమ ప్రక్క సందులలో టెంపుల్ అనే న్యాయవాదుల ఆవరణ. ఇన్నర్ టెంపుల్‌లో చదివి గాంధీజీ 1891 జూన్ 10న బారిస్టరు అయినాడు. ఆంగ్ల ప్రభుత్వాన్ని ఎదిరించి జైలుకు వెళ్లినందున 1922లో వారే ఆయన పేరు కొట్టివేశారు. 1988లో తిరిగి చేర్చుకొన్నారు. ఆ గాంధీజీయే 1901లో దక్షిణాఫ్రికా నుండి స్వదేశానికి పోతూ మారిషస్‌లో కొన్నాళ్లు ఆగిన సంగతి మన పెద్దలు గర్వంగా చెప్పుకొనేవారు.

బ్రిటిష్ మ్యూజియం – లండన్‌లో అమరావతి

ఇక్కడ కుడివైపు తిరిగి బ్లూమ్స్‌బరీ ప్రాంతానికి వెళ్లాలి. బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ అనే గదిలో, అద్దాల గోడ వెనుక, మన అమరావతి మహాచైత్యం పలకలు 120కి పైగా ఉన్నాయి. గాలికీ తేమకూ పాడుకాకుండా ఆ గదిని ప్రత్యేకంగా కట్టి 1992లో తెరిచారు. కల్నల్ మెకంజీ 18వ శతాబ్దం చివర ఆ దిబ్బను మొదట చూచాడు. అప్పటికే స్థానికులు రాళ్లు, ఇటుకలు తీసుకుపోతున్నారు. 1845లో సర్ వాల్టర్ ఎలియట్ త్రవ్వించాడు. మద్రాసులో కొన్నేళ్లు ఎండకూ వానకూ పడి ఉన్న పలకలను 1859లో ఓడమీద లండన్ పంపారు. అవి 1880లో మ్యూజియంలో చేరాయి.

ఒక పలక మీద బుద్ధుని జననం, ఒక పలక మీద పూర్ణకుంభం, మరొక చోట లతలు మోస్తున్న మనుషులు. స్త్రీల నగలను, నడుముకట్టును, తలపాగాలను నిదానంగా చూడండి. సుమారు 2,000 సంవత్సరాల నాటి కృష్ణాతీరపు మనిషి అక్కడ నిలబడి ఉన్నాడు. ఆ పలకలు కూడా మనవలెనే మద్రాసు రేవులో ఓడ ఎక్కి, తిరిగి పోలేదు. తేడా ఒక్కటే. ప్రతి పలకకూ సంఖ్య, దొరికిన చోటు, వచ్చిన సంవత్సరం పక్కన వ్రాసి ఉన్నాయి. మనలో ఎంతమందికి మన ముత్తాత ఊరు తెలుసు?

మ్యూజియంకు ఉత్తరాన గోవర్ వీధిలో యూనివర్సిటీ కాలేజి ఉన్నది. ఉద్యోగ విరమణ తరువాత బ్రౌన్ దొర ఇక్కడ తెలుగు ఆచార్యుడుగా పనిచేశాడు. 1884 డిసెంబరు 12న లండన్‌లోనే కన్నుమూశాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉన్నది. అది ఈ దారికి దూరమే అయినా, వేమన పద్యాలను 1829లో అచ్చువేయించి, తెలుగు నిఘంటువును 1852లో ముగించిన మహానుభావునికి ఒక పూవు పెట్టి రావడానికి మరొక రోజు కేటాయించుకోవచ్చు.

వైట్‌హాల్ – ఉత్తరువుల వీధి

దక్షిణంగా దిగి వస్తే ట్రఫాల్గర్ కూడలి. నెల్సన్ స్తంభానికి దిగువన, చేరింగ్ క్రాస్ దగ్గర గుర్రం మీద ఉన్న మొదటి చార్లెస్ రాజు విగ్రహం నుండే లండన్‌కు మైళ్ల దూరం కొలుస్తారు. ఆ రాజునే 1649 జనవరి 30న, ఇదే వీధిలో ఉన్న బాంక్వెటింగ్ హౌస్ ముందు ప్రజల ఎదుట శిరచ్ఛేదం చేశారు.

వైట్‌హాల్‌లో కుడిచేతి వైపు డౌనింగ్ వీధి. ప్రధానమంత్రి ఉండే 10వ నంబరు ఇల్లు అందరికీ తెలిసినదే. అయితే 19వ శతాబ్దంలో వలస దేశాల కార్యాలయం 14వ నంబరులో ఉండేది. ఆ పాత ఇల్లు 1876లో కూల్చివేయబడింది. మారిషస్ గవర్నరు వ్రాసే ప్రతి లేఖా ఆ గదులకే చేరేది. వలసకూలీల పట్ల జరుగుతున్న మోసాల గురించి ఫిర్యాదులు రాగా 1838–39లో పంపకాన్ని నిలిపివేశారు. ఇది పేరు మార్చుకొన్న బానిసత్వమేనని ఇంగ్లండులోని బానిసత్వ వ్యతిరేకులు వాదించారు. తోటల యజమానులు ఒత్తిడి తెచ్చారు. 1842లో కొన్ని షరతులతో మారిషస్ దారి మరల తెరవబడింది. అప్పటికి కోరంగి రేవు 1839 నవంబరు తుఫానులో కొట్టుకుపోయి ఉన్నది. తరువాత తెలుగు నేలనుండి వచ్చినవారు ఎక్కువగా మద్రాసు మీదుగానే రావలసి వచ్చింది.

డౌనింగ్ వీధికి ఆవల విదేశాంగ శాఖ మహాభవనం ఉన్నది. దానిలో ఒక భాగం 1867 నుండి ఇండియా ఆఫీసు. చలువరాతి దర్బారు ముంగిలి లోపల ఉన్నది. దానిని ప్రజలకు చూపేది ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే. తూర్పు దేశాలు తమ సంపదను బ్రిటన్ దేవత పాదాల దగ్గర పెడుతున్నట్లు 1778లో గీచిన చిత్రం కంపెనీ ఇంటి పైకప్పు నుండి ఈ భవనానికి చేరింది. బయట మెట్ల దగ్గర క్లైవు విగ్రహం.

పార్లమెంటు – 1834 సంవత్సరం

ఇక నడక చివరకు వచ్చాము. గడియారపు గోపురం 1859లో పూర్తయింది. ఎత్తు 96 మీటర్లు. 2012 నుండి దాని పేరు ఎలిజబెత్ టవర్. బిగ్ బెన్ అనేది లోపలి గంట పేరు. ఈ భవనం కొత్తది. పాత భవనం 1834 అక్టోబరు 16 రాత్రి కాలిపోయింది. ప్రభుత్వ ఖజానావారు పూర్వం లెక్కలకు వాడిన కర్రపుల్లలను పొయ్యిలో వేసి కాల్పించగా, మంట అదుపు తప్పింది. 1097లో కట్టిన వెస్ట్‌మినిస్టర్ హాలు మాత్రం దక్కింది.

ఆ కాలిపోయిన సభలోనే 1833లో బానిసత్వ నిర్మూలన చట్టం ఆమోదించబడింది. బానిసల యజమానులకు నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు ఇచ్చారు. మారిషస్ యజమానులకు సుమారు 21 లక్షల పౌండ్లు ముట్టాయి. బానిసలకు ఒక్క పెన్నీ కూడా ఇవ్వలేదు. ఆ పరిహారానికి చేసిన అప్పు 2015 వరకు తీరలేదు. సభ కాలిపోయిన పదిహేడు రోజులకు, 1834 నవంబరు 2న, కలకత్తా నుండి అట్లాస్ అనే ఓడ 36 మంది కూలీలతో పోర్ట్ లూయీ చేరింది. 1835 ఫిబ్రవరి 1న మన ద్వీపంలో చట్టం అమలులోకి వచ్చింది. ఆ తరువాత ముప్పాతిక శతాబ్దంలో సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు వచ్చారు. పురుషుడికి నెల జీతం 5 రూపాయలు, పైన బియ్యం, పప్పు, బట్ట. అయిదేళ్ల ఒప్పందం.

పార్లమెంటు చౌకులో 2015లో నిలిపిన గాంధీజీ విగ్రహం, 2007లో నిలిపిన మండేలా విగ్రహం దగ్గర దగ్గరలోనే ఉన్నాయి. దక్షిణాఫ్రికాలోని మన తెలుగు సోదరులకు ఈ ఇద్దరూ సొంతవారే. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో ఓడలో నాటల్ చేరినవారి సంతతి వారు. వలసకూలీ పద్ధతిని రద్దు చేయాలని ఉద్యమం సాగి, 1917లో పంపకం నిలిచి, 1920లో మిగిలిన ఒప్పందాలు కూడా రద్దయినాయి.

నదివైపు తోటలో రంగురంగుల గోపురంతో ఒక నీటి మండపం ఉన్నది. బానిసల విముక్తికి పాటుపడిన సభ్యులకు స్మారకంగా 1866 ప్రాంతంలో కట్టినది ఇది. మొదట చౌకులో ఉండేది. 1949లో తొలగించి 1957లో ఈ తోటలో నిలబెట్టారు. నడిచి అలసినవారు అక్కడ బల్లమీద కూర్చుండి థేమ్స్ నదిని చూడవచ్చును.

మనము చేయవలసిన పని

ఇంత దూరం నడిచినా మన పూర్వీకుల పేరు ఏ రాతి మీదా కనబడదు. కాని కాగితం మీద ఉన్నది. సెయింట్ పాంక్రాస్ దగ్గరి బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు దస్తావేజులు తొమ్మిది మైళ్ల పొడవు అరలలో ఉన్నాయి. ప్రభుత్వాలు వలసల గురించి వ్రాసుకొన్న లేఖలు అందులో చదువవచ్చు. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ, సంఖ్య కావాలంటే అంత దూరం పోనక్కరలేదు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో మన వలస రిజిస్టర్లు, ఛాయాచిత్రాలు భద్రంగా ఉన్నాయి. పోర్ట్ లూయీలో వారు ఎక్కిన మెట్లను, ఆప్రవాసి ఘాట్‌ను, 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు.

రిజిస్టరులో పేర్లు గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాయబడ్డాయి. ఆ వంకర అక్షరాల వెనుక ఉన్న అసలు తెలుగు పేరును పోల్చుకోగలవారు తెలుగు తెలిసినవారే. అందువల్ల మన పిల్లలకు అక్షరాలు నేర్పడం భాషాభిమానంతో మాత్రమే చేసే పని కాదు. ఆ విద్య లేకపోతే తాత పేరు కళ్లముందున్నా చదువలేము.

లండన్ వెళ్లే యువతీ యువకులు ముందుగా ఇంట్లో పెద్దలను కూర్చోబెట్టి, తాత ముత్తాతల పేర్లు, ఓడ పేరు, రామభజనలో పాడే పాటలు వ్రాసి తీసుకొనండి. ఆ కాగితం జేబులో పెట్టుకొని ఈ దారిలో నడవండి. అప్పుడు ఆ వీధులలో మీరు వట్టి యాత్రికులు కారు, లెక్క అడగడానికి వచ్చిన వారసులు. తిరిగి వచ్చిన తరువాత మీరు చూచినది మన తెలుగులో వ్రాసి, వచ్చే ఉగాది సంచికకు పంపండి. చదవడానికి మేమందరం ఎదురుచూస్తూ ఉంటాము.